పైరీన్‌తో మైసెల్‌ను పట్టుకోవడం: సర్ఫాక్టెంట్, పాలిమర్ ద్రావణాలకు ఫ్లోరసెన్స్ మార్గదర్శి

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీ మొదటి ఏడాదికో మా ల్యాబుకు వచ్చే పిల్లల చేత మొదట ఒకే పని చేయిస్తాను. పైరీన్ అనే వెలిగే పదార్థం వేసి, ఎస్‌డీఎస్ (సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే సబ్బులాంటి సర్ఫాక్టెంట్) సీఎంసీ, అంటే మైసెల్‌లు కట్టడం మొదలయ్యే గాఢత, కొలవమంటాను. జవాబు 25 డిగ్రీల దగ్గర 8 మిల్లీమోలార్‌కు కాస్త పైన రావాలని పుస్తకాలన్నీ చెబుతాయి. తెలిసిన జవాబే కదా, ఎందుకు కొలవాలని అడుగుతారు. ఆ అంకె మీ చేత్తో, మీ నీళ్లతో, మీ మెషీన్ మీద మూడుసార్లు వరుసగా వచ్చాకే తెలియని ద్రావణం మీద చెయ్యి వేయాలి. అనంతపురంలో ఆ పని ఎలా చేస్తామో ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. కర్నూలులో, కడపలో చేసేవాళ్లకూ నీళ్లు, ఎండ, కరెంటు ఇవే కాబట్టి ఇవే జాగ్రత్తలు పనికొస్తాయి.

ముందు సంగతేమిటో

సర్ఫాక్టెంట్ అణువుకు నీళ్లంటే ఇష్టపడే తల ఒకటి, నీళ్లంటే పడని తోక ఒకటి ఉంటాయి. గాఢత ఒక హద్దు దాటితే తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి పెట్టుకుని గుంపు కడతాయి. ఆ గుంపు మైసెల్, ఆ హద్దు సీఎంసీ. ఎస్‌డీఎస్ మైసెల్ అడ్డంగా నాలుగైదు నానోమీటర్లకు మించదు, కంటికి కనిపించదు. అందుకని నీళ్లంటే పడని ఇంకో అణువును లోపలికి పంపి, అది ఇచ్చే వెలుగును బట్టి సంగతి తెలుసుకుంటాం. ఒక వెలుగును పీల్చి ఇంకో వెలుగు ఇవ్వడాన్నే ఫ్లోరసెన్స్ అంటాం. ఆ అణువునే ప్రోబ్ అంటాం. పైరీన్ అందరికీ ఇష్టమైన ప్రోబ్.

పైరీన్ వెలుగులో ఐదు చిన్న శిఖరాలు ఉంటాయి. మొదటిది 373 నానోమీటర్ల దగ్గర, మూడోది 384 దగ్గర. వీటిని ఐ1, ఐ3 అంటాం. మొదటి శిఖరానికి కారణమైన మార్పును పైరీన్ అణువు సౌష్ఠవం దాదాపు నిషేధిస్తుంది. చుట్టూ నీళ్లలాంటి ధ్రువ అణువులుంటే ఆ నిషేధం సడలి శిఖరం పెరుగుతుంది. మూడో శిఖరానికి ఆ పట్టింపు లేదు. అందుకే ఐ1ని ఐ3తో భాగిస్తే పైరీన్ చుట్టూ ఎంత తడి ఉందో తెలుస్తుంది. నీళ్లలో ఈ నిష్పత్తి సుమారు 1.8, ఎస్‌డీఎస్ మైసెల్‌లో 1.1 నుంచి 1.2, హెక్సేన్‌లాంటి ద్రావకంలో 0.6 చుట్టుపక్కల. 1977లో కల్యాణసుందరం, థామస్ దీన్ని మైసెల్‌లకు వాడి చూపించారు. అప్పటి నుంచి ఇదే బాట.

మైసెల్ లోపల అంతా తోకలే కదా, మరి నిష్పత్తి 0.6 దాకా ఎందుకు దిగదు? పైరీన్ నడిమధ్యలో కాకుండా ఎక్కువసేపు తలలకు దగ్గరగా, కాస్త తడి తగిలే చోట ఉంటుంది కాబట్టి. ఈ మాట గట్టిగా పట్టుకోండి. ప్రోబ్ తాను కూర్చున్న చోటు సంగతే చెబుతుంది, మైసెల్ మొత్తం సంగతి కాదు. కింద చెప్పేవన్నీ చివరికి ఈ మాట దగ్గరికే వస్తాయి.

నీళ్లు, గాజు

మా ఊళ్లో బోరు నీళ్ల సంగతి ప్రతి ఇంట్లో తెలిసిందే. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు. దానికి కారణమైన కాల్షియమే మన ప్రయోగాన్నీ పాడుచేస్తుంది. రెండు గాజు గ్లాసుల్లో ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసి, రెంటిలోనూ చిటికెడు ఎస్‌డీఎస్ వేసి చూడండి. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లయితే తెల్లటి మసక కడతాయి. కాల్షియం డోడెసిల్ సల్ఫేట్ కరగక విడిపోవడమే ఆ మసక. పొటాషియంతోనూ ఇదే గొడవ. పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ మామూలు గది వేడిలో సరిగా కరగదు. అందుకని ఎస్‌డీఎస్‌తో పనిచేసేటప్పుడు పొటాషియం క్లోరైడ్, పొటాషియం ఫాస్ఫేట్ బఫర్ దగ్గరికి పోవద్దు, సోడియం లవణాలే వాడండి.

మా జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని అందరూ వింటారు కాబట్టి, అది ఫ్లోరసెన్స్‌కు అడ్డమా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. ఫ్లోరైడ్ అయాన్ వెలగదు. పేర్లు కలవడానికి కారణం ఫ్లోర్‌స్పార్ అనే రాయి. 1852లో స్టోక్స్ ఆ రాయి పేరు మీదుగానే ఫ్లోరసెన్స్ అనే మాట కట్టాడు. ఏదేమైనా నీళ్లను రెండుసార్లు డిస్టిల్ చేయాలి. అందులో ఒకసారి కొంచెం పర్మాంగనేట్, క్షారం వేసి చేస్తే సేంద్రియ మలినాలు పోతాయి. మంచి ప్యూరిఫైయర్ ఉంటే ఇంకా నయం. నీళ్లను గాజు సీసాలోనే పెట్టండి.

గాజు గురించి నాకు జరిగింది చెబుతాను. పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో, ఉత్త నీళ్లకు స్పెక్ట్రం తీస్తే 430 దగ్గర గుండ్రటి గుట్ట కనిపించేది. నీళ్లు మార్చాను, క్యూవెట్ (ద్రావణం పోసి మెషీన్‌లో పెట్టే చిన్న పాత్ర) మార్చాను, మెషీన్‌లో దీపం పాడైందేమో అనుకున్నాను. మూడు వారాలు అదే టెన్షన్. ఒక సాయంత్రం కరెంటు పోయింది. చేతిలో టీఎల్‌సీ ప్లేట్లు చూసే యూవీ టార్చ్ ఉంటే దాన్నే వేసుకుని సింక్ పక్కగా నడిచాను. ఆరబెట్టిన స్టాండర్డ్ ఫ్లాస్కుల మెడల దగ్గర నీలం రంగు చారలు మెరిశాయి. అప్పుడు అర్థమైంది. గ్లాస్‌వేర్‌ను బట్టల పౌడర్‌తో కడుగుతున్నారు. బట్టలు తెల్లగా కనబడాలని అందులో ఆప్టికల్ బ్రైటెనర్లు వేస్తారు. అవి యూవీని పీల్చి 430 చుట్టుపక్కల నీలం వెలుగు ఇస్తాయి. నా గుట్ట అదే.

అప్పటి నుంచి నియమం మారలేదు. గాజుకు బట్టల పౌడర్ తగలకూడదు. పది శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో ఆరేడుసార్లు కడిగి, మెథనాల్‌తో ఒకసారి తొలిపి ఆరబెట్టాలి. తర్వాత చీకట్లో యూవీ టార్చ్ వేసి చూడాలి. యూవీ కళ్లద్దాలు పెట్టుకోవడం మాత్రం మరచిపోవద్దు.

పైరీన్ ఎంత, ఎలా

పైరీన్ నీళ్లలో కరిగేది మైక్రోమోలార్ కన్నా తక్కువే. కాబట్టి చివరి గాఢత 0.5 మైక్రోమోలార్ పెట్టుకోండి. 20.2 మిల్లీగ్రాముల పైరీన్‌ను 100 మిల్లీలీటర్ల మెథనాల్‌లో కరిగిస్తే 1 మిల్లీమోలార్ స్టాక్ అవుతుంది. దాన్ని మెథనాల్‌తోనే పదింతలు పలచన చేసి, 50 మైక్రోలీటర్లు తీసి 10 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో వేస్తే 0.5 మైక్రోమోలార్. అప్పుడు మెథనాల్ అర శాతం ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే ఖాళీ ఫ్లాస్కులో పైరీన్ వేసి, నైట్రోజన్ మెల్లగా ఊది మెథనాల్ ఆవిరి చేసి, ఆపైన ద్రావణం పోయండి. నేను రెండో పద్ధతే ఇష్టపడతాను, ముఖ్యంగా పాలిమర్లతో.

ప్లాస్టిక్ ట్యూబుల్లో పెట్టొద్దు, పైరీన్ గోడకు అంటుకుంటుంది. మెంబ్రేన్ ఫిల్టర్‌కూ అంటుకుంటుంది. మా ఊరి పొడి గాలికి దుమ్ము ఎలాగూ పడుతుంది కాబట్టి వడపోత తప్పదు, కానీ పైరీన్ వేయక ముందే వడపోయాలి. పైరీన్ విషపదార్థం. గ్లవ్స్ వేసుకోండి, మిగిలినదాన్ని సింక్‌లో పోయకుండా విడిగా సీసాలో పోగు చేయండి.

వరుస తయారుచేయడం

2.884 గ్రాముల ఎస్‌డీఎస్‌ను నీళ్లలో కరిగించి 100 మిల్లీలీటర్లకు పూరిస్తే 100 మిల్లీమోలార్ స్టాక్. దీన్ని ఆ రోజుకు ఆ రోజే చేసుకోండి. నిల్వ ఉంటే ఎస్‌డీఎస్ కొంచెం కొంచెంగా విడిపోయి డోడెకనాల్ పుడుతుంది, అది సీఎంసీని కిందికి లాగుతుంది. సీసాలోని పొడి పాతదైతే ఇథనాల్‌లో ఒకటి రెండుసార్లు రీక్రిస్టలైజ్ చేయండి.

1, 2, 4, 5, 6, 7, 7.5, 8, 8.5, 9, 10, 12, 15, 20 మిల్లీమోలార్లకు ఫ్లాస్కులు సిద్ధం చేయండి. 8 దగ్గర బిందువులు దగ్గరదగ్గరగా ఉన్నాయి చూడండి, కథంతా అక్కడే. ప్రతి గాఢతకూ పైరీన్ లేని జంట ఫ్లాస్కు ఒకటి కావాలి, అదే బ్లాంక్. పని రెట్టింపు అవుతుందని చాలామంది మానేస్తారు. మానొద్దు, కారణం కిందే చెబుతాను. మెల్లగా తిప్పి కలపండి, నురగ వచ్చేలా ఊపొద్దు. కలిపాక కనీసం రెండు గంటలు చీకట్లో ఉంచండి.

సీట్యాబ్‌తో (తల మీద ధనావేశం ఉన్న సర్ఫాక్టెంట్) చేసేవాళ్లకు ఒక మాట. దాని క్రాఫ్ట్ ఉష్ణోగ్రత, అంటే అంతకన్నా చల్లబడితే సరిగా కరగని హద్దు, 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది. బయట నలభై దాటిన ఎండ అని ఏసీ 20కి పెట్టి భోజనానికి వెళ్తే, వచ్చేసరికి ఫ్లాస్కు అడుగున సూదుల్లాంటి తెల్లటి స్ఫటికాలు కనిపిస్తాయి. భయపడి పారబోయొద్దు. 35 డిగ్రీల నీళ్లలో పెడితే మళ్లీ కరుగుతాయి. కానీ కొలత మాత్రం 30 డిగ్రీల దగ్గర తీసుకోండి. మే నెలలో మామూలు సర్క్యులేటర్ ఎలాగూ 25కి దించలేదు కాబట్టి, మేం వేసవిలో అన్నీ 30 దగ్గరే చేసి ఆ సంగతి రాసేస్తాం. ఎస్‌డీఎస్ సీఎంసీ ఈ ఐదు డిగ్రీలకు పెద్దగా మారదు.

మెషీన్ దగ్గర

జినాన్ దీపం వెలిగించాక అరగంట ఆగండి. కరెంటు పోయి వస్తే వేడిగా ఉన్న దీపాన్ని వెంటనే వెలిగించొద్దు, పూర్తిగా చల్లారనివ్వండి. యూపీఎస్ లేకుండా ఈ పనికి కూర్చోవద్దని నా సలహా.

ఎక్సైటేషన్, అంటే పైరీన్ మీద వేసే వెలుగు, 335 నానోమీటర్లు. ఎమిషన్, అంటే అది తిరిగి ఇచ్చే వెలుగు, 350 నుంచి 550 దాకా. ఎక్సైటేషన్ స్లిట్ (వెలుగు దారిలోని సన్నటి చీలిక) 5 నానోమీటర్లున్నా పర్వాలేదు, ఎమిషన్ స్లిట్ 2.5కు మించకూడదు. స్లిట్ వెడల్పు చేస్తే ఐ1, ఐ3 ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నీళ్లలో కూడా నిష్పత్తి 1.8 రాదు. అందుకే అసలు వరుస మొదలుపెట్టే ముందు ఉత్త నీళ్లలో పైరీన్ వేసి చూడండి. 1.7 నుంచి 1.9 మధ్య వస్తే ముందుకు వెళ్లండి. 1.5 వస్తే స్లిటో, నీళ్లలో జిడ్డో, ఏదో ఒకటి తేడా ఉన్నట్టు. ఒకసారి స్లిట్ పెట్టాక వరుస పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

ఇప్పుడు బ్లాంక్ ఎందుకంటే, నీళ్లకు సొంత రామన్ శిఖరం ఉంది, అంటే నీళ్లను తాకి చెదిరేటప్పుడు కొంత శక్తి పోగొట్టుకున్న వెలుగు. వేసిన వెలుగుకన్నా సుమారు 3400 తరంగసంఖ్యల కింద అది కనిపిస్తుంది. 335తో లెక్క కడితే సరిగ్గా 378 నానోమీటర్ల దగ్గర, అంటే మనకు కావలసిన 373కీ 384కీ మధ్యలో పడుతుంది! పైరీన్ తక్కువగా ఉన్న ద్రావణాల్లో ఇది రెండు శిఖరాలనూ కొంచెం ఎత్తి నిష్పత్తిని తప్పుదారి పట్టిస్తుంది. బ్లాంక్ స్పెక్ట్రంను తీసేస్తేనే అసలు పైరీన్ మిగులుతుంది. అనుమానంగా ఉంటే ఎక్సైటేషన్‌ను 320కి మార్చి చూడండి. రామన్ శిఖరం 359కి జరిగిపోతుంది, పైరీన్ శిఖరాలు మాత్రం కదలవు.

తక్కువ గాఢత నుంచి ఎక్కువకు వెళ్లండి. ప్రతిసారీ క్యూవెట్‌ను తర్వాతి ద్రావణంతోనే రెండుసార్లు తొలిపి నింపండి. వేడి కుదురుకోవడానికి ఐదు నిమిషాలు ఆగి, మూడు స్కాన్లు తీయండి. మధ్యలో షట్టర్ మూసే ఉంచండి, ఊరికే యూవీ తగిలితే పైరీన్ చెడిపోతుంది.

475 దగ్గర ఒక కన్నేసి ఉంచండి. అక్కడ వెడల్పాటి గుట్ట లేస్తే రెండు పైరీన్‌లు జతకట్టి ఎక్సైమర్ అయ్యాయన్నమాట. పైరీన్ ఎక్కువైంది, లేదా కొద్ది మైసెల్‌లలోనే అంతా దూరింది. సీఎంసీకి కాస్త కింద చిన్నగా కనిపించడం మామూలే.

గీత గీసి అంకె చెప్పడం

నిష్పత్తిని గాఢత మీద గీస్తే తిరగేసిన ఎస్ ఆకారం వస్తుంది. పైన 1.8 దగ్గర చదును, తర్వాత జారుడు, కింద 1.1 దగ్గర మళ్లీ చదును. దీనికి బోల్ట్జ్‌మన్ సిగ్మాయిడ్ గీత అమర్చితే జారుడు మధ్య బిందువు, జారుడు వెడల్పు అనే రెండు అంకెలు వస్తాయి. మధ్య బిందువును వెడల్పుతో భాగిస్తే పదికి మించిందా, అంటే జారుడు నిటారుగా ఉందా? అప్పుడు మధ్య బిందువుకు వెడల్పు రెండింతలు కలిపి దాన్ని సీఎంసీ అనాలి. ఎస్‌డీఎస్‌లాంటి అయానిక్ (తల మీద ఆవేశం ఉన్న) సర్ఫాక్టెంట్లకు ఎక్కువగా ఇదే. పదికన్నా తక్కువైతే మధ్య బిందువే సీఎంసీ. ట్రైటాన్ ఎక్స్-100లాంటి నాన్ అయానిక్‌లకు ఇది సరిపోతుంది, దాని సీఎంసీ 0.2 మిల్లీమోలార్ పైచిలుకు. రెంటిలో ఏది వాడారో థీసిస్‌లో తప్పకుండా రాయండి.

ఇదే ద్రావణానికి కండక్టివిటీతో కూడా కొలవండి. రెండూ అచ్చంగా కలవకపోతే కంగారు పడొద్దు. సీఎంసీ ఒక గీత కాదు, సన్నటి పట్టీ. పైరీన్ తాను దూరడానికి చోటు దొరికిన క్షణాన్ని చెబుతుంది, కండక్టివిటీ అయాన్లు కట్టుబడిన సంగతి చెబుతుంది.

పాలిమర్ కలిపితే

పాలిఈథిలీన్ ఆక్సైడ్ 0.1 శాతం ద్రావణంతో మొదలుపెట్టండి. తిరుగుతున్న నీళ్ల మీద పొడిని కొద్దికొద్దిగా చల్లండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడుతుంది, రాగి సంగటిలో పిండి ఉండలు కట్టినట్టు. మాగ్నెటిక్ స్టిర్రర్ నెమ్మదిగానే తిప్పండి, పొడుగు గొలుసులు జోరు తిప్పుడుకు తెగిపోతాయి. రాత్రంతా వదిలేయండి.

ఇప్పుడు పైరీన్ వేసిన ఈ పాలిమర్ ద్రావణాన్నే నీళ్లకు బదులు వాడి పాత వరుస మళ్లీ చేయండి. నిష్పత్తి 8 దాకా ఆగదు, 4 నుంచి 5 మిల్లీమోలార్ మధ్యే దిగడం మొదలవుతుంది. గొలుసు మీద పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న గుంపులు అక్కడే కడుతున్నాయి. ఈ మొదటి మలుపును సీఏసీ (క్రిటికల్ అగ్రిగేషన్ కాన్సంట్రేషన్) అంటాం. గొలుసు నిండాక మామూలు మైసెల్‌లు పుట్టే రెండో మలుపు పాలిమర్ ఎంత వేశామన్నదాన్ని బట్టి జరుగుతుంది. ఆ రెండో మలుపు పైరీన్ గీతలో సరిగా కనిపించదు. అప్పటికే పైరీన్ ఒక గుంపులో చేరి హాయిగా ఉంది, ఇంకో రకం గుంపు పుట్టినా దానికి పెద్ద తేడా తెలియదు. ఆ మలుపు కోసం కండక్టివిటీ, తలతన్యత చూడండి.

ఎదురెదురు ఆవేశాలున్న జంటలు, ఉదాహరణకు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌తో సీట్యాబ్, చాలా తక్కువ గాఢతలోనే కలుస్తాయి, వెంటనే మసక కడతాయి. మసక ద్రావణంలో స్కాటరింగ్‌ను ఫ్లోరసెన్స్ అనుకునే ప్రమాదం ఉంది. ముందు యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 500 దగ్గర చూసి, మసక మొదలైన చోట ఆపేయండి. అన్నట్టు, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌నూ సీఎంసీ అనే అంటారు. ఒకే పేజీలో రెండు సీఎంసీలు రాసి పరీక్షకుణ్ని తికమక పెట్టకండి, పాలిమర్ పేరు పూర్తిగా రాయండి.

ఒక మైసెల్‌లో ఎన్ని అణువులు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇది. 1978లో టుర్రో, యెక్తా చూపిన దారి. వెలిగే ప్రోబ్‌ను, ఆ వెలుగును ఆర్పే క్వెంచర్‌ను రెంటినీ మైసెల్‌లలోకి పంపుతాం. క్వెంచర్ పడిన మైసెల్‌లో వెలుగు ఆరిపోతుంది, పడనిదాంట్లో ఉంటుంది. ఎంత క్వెంచర్‌కు ఎంత వెలుగు మిగిలిందో చూస్తే మైసెల్‌లు ఎన్నో తెలుస్తుంది. సర్ఫాక్టెంట్ ఎంత వేశామో తెలుసు కాబట్టి ఒక్కో మైసెల్‌లో ఎన్ని అణువులో లెక్క తేలుతుంది.

పైరీన్‌కు సెటైల్‌పిరిడీనియం క్లోరైడ్ మంచి క్వెంచర్. 335 దగ్గర అది వెలుగును పీల్చదు కాబట్టి ఆ తలనొప్పి లేదు. రెండు ద్రావణాలు చేయండి. మొదటిది 50 మిల్లీమోలార్ ఎస్‌డీఎస్‌లో 2 మైక్రోమోలార్ పైరీన్. రెండోది అదే ద్రావణంలో 2 మిల్లీమోలార్ క్వెంచర్. సీసా మీద మోనోహైడ్రేట్ అని ఉంటే 100 మిల్లీలీటర్లకు 71.6 మిల్లీగ్రాములు. రెంటినీ వేర్వేరు పాళ్లలో కలిపి క్వెంచర్ 0 నుంచి 0.6 మిల్లీమోలార్ దాకా వచ్చేలా చేసుకోండి. ఇలా చేస్తే ఎస్‌డీఎస్, పైరీన్ అన్ని ఫ్లాస్కుల్లోనూ ఒకే స్థాయిలో ఉంటాయి.

373 దగ్గర వెలుగు కొలవండి. క్వెంచర్ లేనప్పటి వెలుగును ఉన్నప్పటి వెలుగుతో భాగించి, సహజ లాగరిథం తీసి, క్వెంచర్ గాఢత మీద గీయండి. సరళరేఖ రావాలి. దాని వాలును మైసెల్‌లలో ఉన్న సర్ఫాక్టెంట్‌తో, అంటే మొత్తం 50 నుంచి విడిగా ఉన్న 8 తీసేసి 42తో, గుణిస్తే అణువుల సంఖ్య. వాలు మిల్లీమోలార్‌కు 1.48 వస్తే 62. ఎస్‌డీఎస్‌కు పుస్తకాలు చెప్పే అంకె అదే. పక్కనే 0.1 శాతం పాలిమర్‌తో చేస్తే సంఖ్య తగ్గుతుంది, గొలుసు మీది గుంపులు చిన్నవి. కాకపోతే అక్కడ 50 మిల్లీమోలార్ పెడితే మామూలు మైసెల్‌లూ కలిసిపోతాయి, సీఏసీకి కాస్త పైనే ఉండండి. విడిగా ఉన్న వాటా కింద తీసేయాల్సింది కూడా 8 కాదు, సీఏసీ.

గీత వంగితే? మైసెల్ పెద్దదై క్వెంచర్ పైరీన్‌ను చేరేలోపే పైరీన్ వెలిగేస్తోందన్నమాట. సంఖ్య 120 దాటే చోట ఈ పద్ధతి నమ్మొద్దు, లైఫ్‌టైమ్ (వెలుగు ఎంతసేపు నిలుస్తుందో) కొలతలకు వెళ్లాలి. అక్కడ ఆక్సిజన్ తీసేయడం కూడా తప్పనిసరి, పైరీన్ వెలుగు వందల నానోసెకన్లు ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ దాన్ని సులువుగా ఆర్పేస్తుంది. నైట్రోజన్‌ను ద్రావణంలోకి బుడగలుగా పంపితే నురగ పొంగి మూత దాకా వస్తుంది, ఉపరితలం మీదుగా మెల్లగా ఊదండి.

మిగతా ప్రోబ్‌లు

ఏఎన్‌ఎస్ అనే ప్రోబ్ నీళ్లలో మసకగా ఆకుపచ్చ, జిడ్డు చోట్ల గట్టిగా నీలం. కానీ అది రుణావేశి, ఎస్‌డీఎస్‌తో కలవడానికి ఇష్టపడదు. సీట్యాబ్‌తో వాడండి. మైసెల్ లోపల ఎంత చిక్కగా ఉందో తెలియాలంటే డీపీహెచ్ అనే ప్రోబ్‌తో అనైసోట్రోపీ (ప్రోబ్ ఎంత స్వేచ్ఛగా తిరుగుతోందో చెప్పే అంకె) కొలవాలి, అప్పుడు పోలరైజర్ల జీ ఫ్యాక్టర్‌ను (మెషీన్ రెండు దిశల వెలుగును ఒకేలా చూడని తేడాకు సవరణ) ప్రతి రోజూ తీయాలి. బ్లాక్ కోపాలిమర్లకు ఎక్సైటేషన్ స్పెక్ట్రం తీసి, 333, 338 దగ్గర ఎత్తుల నిష్పత్తి చూడడం మంచిది.

కుంకుడురసం ప్రాజెక్టు అడిగేవాళ్లకు

ఇది ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు, నాకు సంతోషమే. కుంకుడులోని సాపోనిన్లు నిజమైన సర్ఫాక్టెంట్లే. కానీ రసానికి గోధుమ రంగు ఉంటుంది, 335 దగ్గర వెలుగును తానే మింగేస్తుంది. ముందు అబ్జార్బెన్స్ (ద్రావణం వెలుగును ఎంత పీల్చుతుందో చెప్పే అంకె) చూడండి, 0.1 లోపు ఉండేలా పలచన చేయండి. నిష్పత్తి పద్ధతికి ఇక్కడొక లాభం ఉంది. లోపలికి వెళ్లే వెలుగు తగ్గితే ఐ1, ఐ3 రెండూ ఒకే పాలులో తగ్గుతాయి, నిష్పత్తి దాదాపు నిలబడుతుంది. క్వెంచింగ్ ప్రయోగం మాత్రం దీనితో వద్దు. రసానికి సొంత వెలుగు కూడా ఉంటుంది కాబట్టి ప్రతి గాఢతకూ బ్లాంక్ తప్పదు. అది మిశ్రమం కనుక సీఎంసీని మిల్లీమోలార్‌లో కాకుండా బరువు శాతంలో రాయండి. పెచ్చులు ఎండబెట్టిన తీరు, ఎన్ని గంటలు నానబెట్టారు, ఎంత వేడిలో అనేవి కూడా రాయండి, లేకపోతే వచ్చే ఏడాది పిల్లలకు మీ అంకె దొరకదు.

చివరి ద్రావణం అయ్యాక క్యూవెట్‌ను నీళ్లతో, మెథనాల్‌తో, మళ్లీ నీళ్లతో కడగండి. నీళ్లు నింపి ఒక స్కాన్ తీయండి. 373, 384 దగ్గర ఏమీ లేవకుండా, 378 దగ్గర నీళ్ల రామన్ శిఖరం ఒక్కటే కనిపిస్తే క్యూవెట్‌ను డబ్బాలో పెట్టేయండి. ఆ స్పెక్ట్రంను కూడా తేదీ వేసి ఫైల్‌లో దాచండి, రేపటి వరుసకు మొదటి బ్లాంక్ అదే.